తందాన తాన అన్నదెవరు?

మన తెలుగులో మనిషిని చులకన చేయడానికి రెండు మాటలు ఎప్పుడూ నాలుక చివరే ఉంటాయి. "ఆవిడకేం, ఆయన ఏమంటే దానికల్లా వంత పాడుతుంది" అన్నది ఒకటి. "పెద్దాయన ఊఁ అనడం ఆలస్యం, ఈయనగారు తందానా అంటాడు" అన్నది రెండోది. ఇంట్లో అయినా, ఆఫీసులో అయినా, అసెంబ్లీలో అయినా సరే, సొంత ఆలోచన లేని మనిషి అని చెప్పడానికి ఈ రెండు మాటలు చాలు. మా అత్తగారు నేను మా వారి మాట కాదన్న రోజున నన్ను గయ్యాళి అనేవారు, అవునన్న రోజున వంత అనేవారు. మధ్యస్థంగా మూడో మాట ఆవిడ నిఘంటువులో ఉండేది కాదు పాపం.

ఈ రెండు మాటలూ రాత్రంతా వినిపించే చోటు ఒకటుంది. అది బుర్రకథ వేదిక. అక్కడ వంత పాడే మనిషిని దగ్గరగా చూసినవాళ్ళు ఆ మాటను తిట్టుగా వాడడానికి కాస్త జంకుతారని నా నమ్మకం. ఎందుకో చెప్తాను.

బుర్రకథ చూడనివాళ్ళు ఈ పుటలు చదివేవాళ్ళలో ఎక్కువమంది ఉండరు. మీ పిల్లల్లో ఉంటారు కనుక వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మధ్యలో కథకుడు. తలపాగా, కాళ్ళకు గజ్జెలు, భుజాన తంబుర, వేళ్ళకు అందెలు. ఆ తంబుర కాయ గుండ్రంగా బుర్రలా ఉంటుంది కనుక బుర్రకథ అని పేరు వచ్చిందంటారు. అంతకు ముందు ఇదే జంగం కథ, తంబుర కథ. కథకుడికి అటొకరు, ఇటొకరు వంతలు. వాళ్ళ చేతుల్లో గుమ్మెటలు. కథకుడు ఒక చరణం పాడగానే వీళ్ళిద్దరూ 'తందాన తాన' అని అందుకుంటారు. ఆ మాటకు అర్థం లేదు. అర్థం అక్కర్లేదు కూడా. అది కథకుడు ఊపిరి తీసుకునే వ్యవధి. ఆ అయిదు అక్షరాలే లేకపోతే తెల్లవార్లూ ఆడి పాడి కథ చెప్పడం ఏ గొంతుకూ సాధ్యం కాదు.

అంతవరకే అయితే 'వంత' అన్న తిట్టు న్యాయమే అనుకోవచ్చు. కానీ అసలు పని తర్వాత ఉంది. కుడి పక్క ఉండే ఆయన రాజకీయ వంత. ఎడమ పక్క ఉండే ఆయన హాస్య వంత. కథకుడు వెయ్యేళ్ళ కిందటి కథ చెబుతుంటే, కుడి పక్కాయన హఠాత్తుగా దాన్ని ఇవాళ్టి సంతలోకి లాక్కొస్తాడు. పల్నాటి కథలో కోడిపందెం ఓడి బ్రహ్మనాయుడి పక్షం రాజ్యం వదిలి వెళ్ళే ఘట్టం ఉంది కదా, అక్కడ "అన్నా, కోడి ఓడితే రాజ్యం వదలడమా? మా ఊళ్ళో ఎన్నికలో ఓడినాయన కుర్చీ కూడా వదలలేదే!" అన్నట్టుగా ఏదో ఒకటి అడుగుతాడు. జనం గొల్లుమంటారు. కథకుడు సమాధానం చెప్పి తీరాలి. చెప్పకుండా కథ ముందుకు నడవదు. చూశారా! ఆయన తందానా అనేవాడు మాత్రమే కాదు, నిలదీసేవాడు కూడా. నలుగురిలో నిలబెట్టి "ఎందుకని?" అని అడగడం ఆయన ఉద్యోగం. మనం మాత్రం వంత అంటే తల ఊపే బొమ్మ అని ఖాయం చేసేశాం.

మా బూర్గంపాడులో నా చిన్నతనాన, 1980ల చివర్లో అనుకుంటాను, శ్రీరామనవమి పందిరిలో ఒకసారి కథ పెట్టించారు. సగం రాత్రయ్యేసరికి కథకుడి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఎడమ పక్క ఉన్న సన్నటి కుర్రాడు, అంతదాకా అందర్నీ నవ్విస్తున్నవాడు, ఎవరూ చెప్పకుండానే కథ అందుకున్నాడు. పెద్దాయన తంబుర మీటుతూ, తందానా అంటూ పక్కకు తప్పుకున్నాడు. కోడి కూసే వేళకు కథ ముగిసింది. ఊరి పెద్దలు మైకు ముందుకొచ్చి కథకుడికి శాలువా కప్పారు. మా నాయనమ్మ ఊరుకునే మనిషి కాదు. "ఏందయ్యా, కథ చెప్పింది ఆ ఎడం పక్క పిల్లగాడైతే శాలువా ఈయనకు కప్పితిరేంది?" అని పందిరి అంతా వినబడేలా అంది. పెద్దలు నవ్వేసి ఊరుకున్నారు. ఆ కుర్రాడి పేరు ఆ రాత్రి మైకులో ఎవరూ చెప్పలేదు.

బుర్రకథ చరిత్ర ఎవరు చెప్పినా షేక్ నాజర్ దగ్గర మొదలుపెట్టక తప్పదు. ఆయన 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. దూదేకుల కుటుంబం, తినడానికి చాలని ఇల్లు. చిన్నతనంలోనే సంగీతం నేర్చుకున్నారు, నాటకాలు ఆడారు, బతుకు తెరువు కోసం దర్జీ పని చేశారు. ఆ రోజుల్లో అందమైన గొంతున్న కుర్రాడు నాటకాల్లో ఏ వేషం వేస్తాడో మీకు తెలుసు. ఆడవేషం. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూసి ఇంటికొచ్చి అద్దం ముందు జడ సర్దుకున్న ఇల్లాళ్ళ కథలు మన అమ్మమ్మల నోట విన్నవే. నాజర్ కూడా స్త్రీ పాత్రలతోనే పేరు తెచ్చుకున్నారు. తర్వాత కమ్యూనిస్టు పార్టీ వాళ్ళ కళ్ళలో పడ్డారు. 1943లో ప్రజానాట్యమండలి పుట్టింది. ఆ ఏడే బెంగాలు కరువు. సుమారు 30 లక్షల మంది ఆకలితోనూ, దాని వెంట వచ్చిన రోగాలతోనూ పోయారని అంచనా. ఆ కరువును నాజర్ దళం కథగా కట్టి ఊరూరా చెప్పింది. పల్నాటి వీరచరిత్ర చెప్పింది. అల్లూరి సీతారామరాజు కథ చెప్పింది. 1924 మే 7న కొయ్యూరులో ఆయన్ను కాల్చి అప్పటికి ఇరవై ఏళ్ళయినా గడిచాయో లేదో! మన్యంలో ఆయనను కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా బతికి ఉన్న రోజుల్లో ఆ కథ పాడడమంటే పుక్కిటి పురాణం చెప్పడం కాదు, పాలించేవాడి మొహం మీద చెప్పడం.

ఒక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. నాజర్ తన జీవితకథను అంగడాల వెంకటరమణమూర్తిగారికి చెప్పి రాయించారు. ఆ పుస్తకం పేరు 'పింజారి'. దూది ఏకే కులానికి ఉన్న ఆ పేరును మన ఊళ్ళలో తిట్టుగా ఎంత తేలిగ్గా వాడేస్తామో వేరే చెప్పాలా! వేదిక మీద వేలమందిని నిలబెట్టినాయన అదే మాటను అట్ట మీద అచ్చు వేయించుకున్నారు. తిట్టును తలపాగాలా చుట్టుకోవడం అంటే అదే కాబోలు.

ఇప్పుడు కాస్త మా ఊరి సంగతి. పటం తీసి చూస్తే బూర్గంపాడు గోదావరికి ఇవతల, భద్రాచలం అవతల. 1965లో వంతెన వచ్చేదాకా పడవల మీదే రాకపోకలు. 1948 దాకా ఇవతలి గట్టు నిజాం రాజ్యం, అవతలి గట్టు మద్రాసు రాజధానిలోని తూర్పు గోదావరి జిల్లా. ఒకే యాస, ఒకే సంత, ఒకే రాములవారు, కానీ రెండు ప్రభుత్వాలు. ఇక్కడి అమ్మాయిని అక్కడికిస్తే పరరాజ్యం కోడలు అన్నమాట! ఈ రెండు ప్రభుత్వాలకూ ఏ విషయంలో పొసిగిందో తెలియదు గానీ, బుర్రకథ విషయంలో మాత్రం మాట కలిసింది. నిజాం సర్కారు ఇవతల నిషేధించింది. సుంకర సత్యనారాయణగారి 'కష్టజీవి', తిరునగరి రామాంజనేయులుగారి 'తెలంగాణ వీరయోధులు' లాంటి కథలు ఇవతలి రైతుల గోడునే పాడాయి మరి. అవతల మద్రాసు ప్రభుత్వమూ కమ్యూనిస్టుల మీద విరుచుకుపడినప్పుడు వాళ్ళ పార్టీతో పాటు బుర్రకథనూ, నాటకాలనూ పట్టుకుంది. తుపాకీ ఉన్న రెండు రాజ్యాలు, తంబుర ఉన్న ముగ్గురు మనుషులు! నన్నడిగితే ఆ భయం కథకుడి పాటకు పుట్టింది కాదు. కుడి పక్కాయన ప్రశ్నకు పుట్టింది. పాటను ముందుగా చదివి అనుమతి ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. నడిరాత్రి జనంలోంచి వచ్చినట్టు వచ్చే ప్రశ్నను ఏ తాసీల్దారు ముందుగా చదువుతాడు?

సరిగ్గా ఆ 1940లలోనే కృష్ణా జిల్లా వైపు ఒక వింత జరిగింది. ముగ్గురు ఆడవాళ్ళు తంబురా గుమ్మెటలూ అందుకున్నారు. మోటూరి ఉదయం, చింతల కోటేశ్వరమ్మ, వీరమాచనేని సరోజిని. తొలి మహిళా బుర్రకథ దళంగా చెప్పుకునేది వీళ్ళనే. ఉదయంగారు నాయకురాలు, అప్పటికి ఇరవై ఏళ్ళ ప్రాయం.

ఇవాళ చదివితే ఇందులో వింతేముంది అనిపిస్తుంది. టీవీ పెడితే ఆడపిల్లలు పాడుతూనే ఉన్నారు. కానీ ఆ కాలాన్ని కాస్త ఊహించుకోండి. నాటకంలో మగవాడు చీర కట్టి సత్యభామ అయితే పతకాలిచ్చేవారు. సంసారి ఇంటి ఆడది నాలుగు గోడల మధ్య హార్మోనియం ముందు కూర్చుని రెండు కీర్తనలు పాడితే పెళ్ళిచూపులకు పనికొస్తుంది. అదే మనిషి పెట్రోమాక్సు దీపం కింద వేదికెక్కి, కాలు కదిపి, గొంతెత్తి, "ఓయి మగధీరుడా" అన్నట్టు జనాన్ని కసిరి కథ చెబితే? చూడ్డానికి వచ్చినవాళ్ళలో కథ కోసం వచ్చినవాళ్ళెందరో, విడ్డూరం కోసం వచ్చినవాళ్ళెందరో! వేదికల మీద పాడే స్త్రీలు అంతకు ముందు లేరని కాదు. ఉన్నారు. వాళ్ళను కులం పేరుతో ఒక పక్కకు నెట్టి, పాట విని, ఇంటికొచ్చి స్నానం చేసిన సమాజమే మనది. ఈ ముగ్గురూ వచ్చి ఆ గీత తుడిచేశారు. కథ అయ్యాక తిరిగి వెళ్ళి వంట చేసుకునే ఆడవాళ్ళే కథ చెప్పేవాళ్ళు కూడా.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం వంతల సంగతి. మగవాళ్ళ దళంలో కుడి పక్కాయన ప్రశ్న వేస్తే అది చమత్కారం. ఆడవాళ్ళ దళంలో కుడి పక్కావిడ ప్రశ్న వేస్తే? పుట్టింట్లో "ఎదురు ప్రశ్న వేయకు" అని పెంచారు, అత్తింట్లో "ఎందుకని అడగకు" అని నేర్పారు. అలాంటి మనిషికి నాలుగు వందల మంది ముందు నిలబడి "ఎందుకని?" అని అడగడమే పనిగా అప్పజెప్పారు. కథకురాలు తెరిచే తలుపు ఒకటైతే, వంత తెరిచే తలుపు ఇంకోటి. ప్రేక్షకుల్లో ఒక పక్కగా చాపల మీద పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఏ తలుపు వంక చూసి ఉంటారు? రెండో దాని వంకే అని నా పందెం.

అదే ప్రజానాట్యమండలిలో పాడిన మరొకావిడ కొండపల్లి కోటేశ్వరమ్మ. 1918లో పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్ళి, వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం. పార్టీలో పాటలు పాడారు, నాటకాల్లో వేషాలు వేశారు, రహస్య జీవితం గడిపారు. తర్వాత భర్త దూరమయ్యారు. నడివయసులో మళ్ళీ చదువుకుని, కాకినాడలో విద్యార్థినుల హాస్టలులో ఉద్యోగం చేసుకుని బతికారు. ఆ భర్త పేరు పత్రికల్లో పతాక శీర్షికలకెక్కింది. ఆవిడ పేరు ఆవిడ 90 ఏళ్ళు దాటాక, 2012లో 'నిర్జన వారధి' వచ్చాక గానీ ఇంటింటికీ చేరలేదు. ఇది కూడా ఒక వంత కథే కదూ!

ఈ వంతల గొడవ మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు ఒకసారి ఫోనులో ఏవో పాత పాటలు వినిపించాడు. "పిన్నీ, ఇది డూ-వాప్" అన్నాడు. "అంటే ఏమిట్రా అర్థం?" అన్నాను. "అర్థం లేదు. వెనకాల పాడేవాళ్ళు అలా అంటారంతే" అన్నాడు. "ఓహో, తందానానా!" అన్నాను. వాడికి అర్థం కాలేదు, నాకు అర్థమైపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక న్యూయార్కు, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్, చికాగోల్లోని నల్లవారి పేటల్లో కుర్రాళ్ళు నలుగురైదుగురు వీధి మలుపుల్లో చేరి పాడుకునేవారు. వాయిద్యాలు కొనుక్కునే తాహతు లేదు. కనుక ఒకడు గొంతుతోనే బరువైన తీగ వాయిద్యం అవుతాడు, ఇద్దరు బాకాలవుతారు, ఒకడు ముందు నిలబడి పాట పాడతాడు. అర్థం లేని ఆ అక్షరాలే వాళ్ళ గుమ్మెటలు. అమెరికాలో అంతదాకా నల్లవారి రికార్డులకు జాతి పేరుతో వేరే పట్టిక ఉండేది. 1949లో దానికి రిథమ్ అండ్ బ్లూస్ అని పేరు మార్చారు. పేరు మారింది గానీ పద్ధతి మారడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. 1954లో ది కార్డ్స్ అనే నల్ల కుర్రాళ్ళ బృందం 'షబూమ్' అని ఒక పాట పాడితే, అది బాగా పోతోందని చూసి, క్రూ-కట్స్ అనే కెనడా తెల్ల కుర్రాళ్ళ చేత అదే పాట మళ్ళీ పాడించారు. మొదటి స్థానం ఆ రెండో రికార్డుకు దక్కింది.

ఇంకా విచిత్రమైన కథ టీనేజర్స్ అనే బృందానిది. న్యూయార్కులో బడికి వెళ్ళే అయిదుగురు పిల్లలు. ముందు నిలబడి పాడే ఫ్రాంకీ లైమన్‌కు 13 ఏళ్ళు. 1956లో వాళ్ళ పాట 'వై డూ ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్' అమెరికాలోనూ ఇంగ్లండులోనూ మోగిపోయింది. మూర్ఖులు ప్రేమలో ఎందుకు పడతారూ అని పాపం 13 ఏళ్ళవాడి సందేహం! మొదట బృందం పేరు ముందు, ఫ్రాంకీ పేరు వెనక ఉండేవి. త్వరలోనే ఫ్రాంకీ పేరు ముందుకు, బృందం వెనక్కు వెళ్ళాయి. ఆ మరుసటి ఏడు అతన్ని బృందం నుంచే విడదీశారు. ఇద్దరికీ అచ్చిరాలేదు. అటు బృందం నీరుగారింది, ఇటు ఫ్రాంకీ మాదకద్రవ్యాలకు బానిసై 1968లో 25 ఏళ్ళకే పోయాడు. పోయాక పాట మీద వచ్చే డబ్బు కోసం మేమే భార్యలమంటూ ముగ్గురు స్త్రీలు కోర్టుకెక్కారు. (నవలలో రాస్తే సంపాదకుడు నమ్మకం కుదరలేదని తిప్పి పంపుతాడు.) ఇదంతా అందరూ రాశారు, సినిమా కూడా తీశారు.

నాకు కావలసింది ఆ తర్వాత కథ. పాట కట్టినవాళ్ళుగా రికార్డుల మీద కాలక్రమాన ఫ్రాంకీ పేరూ, కంపెనీ పెద్దమనిషి పేరూ మాత్రమే మిగిలాయి. వెనక నిలబడి పాడిన అయిదుగురిలో, అంటే ఫ్రాంకీ పోగా నలుగురిలో, చివరికి బతికి ఉన్నది ఇద్దరు. హెర్మన్ శాంటియాగో, జిమ్మీ మర్చెంట్. ఆ పాట కట్టడంలో మేమూ ఉన్నామని దావా వేశారు. 1992లో న్యూయార్కులో జ్యూరీ విని, నిజమే, వీళ్ళూ కర్తలే అంది. నల్లని కుర్రజుట్టుతో కట్టిన పాటకు నెరిసిన తలలతో పేరు వచ్చింది. ఎన్నాళ్ళు? నాలుగేళ్ళు. 1996లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. వాళ్ళు కట్టలేదని కాదు సుమండీ! మూడేళ్ళ గడువులోగా అడగాలట, ఆలస్యంగా అడిగారట. పదిహేనేళ్ళ పిల్లలు మూడేళ్ళలోగా కంపెనీ మీద దావా వేయాలి! ఈ తీర్పు విన్నప్పుడు మా నాయనమ్మ ఉంటే బాగుండునని అనిపించింది. శాలువా ఎవరికి కప్పాలో ఆవిడ ఆ తెల్లవారే తేల్చేసేది.

మళ్ళీ గోదావరి ఒడ్డుకు వద్దాం. 1948 తర్వాత ప్రజానాట్యమండలి చెట్టు మీద రాయి పడ్డట్టయింది. నాటకాలు ఆగాయి, దళాలు చెదిరాయి. అటు తెలంగాణలో పోరాట దళాలు గోదావరి అడవుల్లోకి, మా పాల్వంచ ఇల్లెందు వైపుకు వచ్చాయి. 1951లో పోరాటం విరమించారు. కోస్తాలో కళాకారులు చాలామంది మద్రాసు రైలెక్కారు. సినిమాల్లో మనం చూసిన మిక్కిలినేని, అల్లు రామలింగయ్య ఆ మండలి నుంచి వచ్చినవాళ్ళే. మండలికి ప్రాణం పోసిన గరికపాటి రాజారావుగారు 1953లో 'పుట్టిల్లు' తీశారు. జమునగారిని మనకిచ్చిన సినిమా అది. అందులో నాజర్ బుర్రకథ ఉంది. సినిమా మాత్రం రాజారావుగారికి నష్టాలే మిగిల్చింది.

ఇక తమాషా చూడండి. నిషేధించిన సర్కారు పోయి, కొత్త సర్కారు వచ్చాక బుర్రకథను అదే సర్కారు కొలువులో పెట్టుకుంది. కుటుంబ నియంత్రణకు బుర్రకథ, చిన్న మొత్తాల పొదుపుకు బుర్రకథ, అక్షరాస్యతకు బుర్రకథ. ఇద్దరు పిల్లలు చాలన్న కథలో హాస్య వంతకు మాత్రం ఎప్పుడూ అరడజను పిల్లలుండేవారు. నవ్వుకున్నాం, తప్పేం లేదు. కానీ కుడి పక్కాయన నోరు నొక్కేశారని ఒప్పుకోవాలి. జీతమిచ్చే ఆఫీసు కథలో ఆయన అడగదగ్గ ప్రశ్నలు ముందుగా కాగితం మీద రాసి ఇచ్చేవే అయి ఉంటాయి. "ఎందుకని?" అని అడిగే మనిషి "అలాగా అన్నా! ఆస్పత్రి ఎక్కడుందన్నా?" అని అడగడం మొదలుపెట్టాడు. వంత అన్న మాట తిట్టుగా స్థిరపడడానికి ఇదీ కొంత సాయం చేసి ఉంటుందని నా అనుమానం.

1986లో భారత ప్రభుత్వం నాజర్‌కు పద్మశ్రీ ఇచ్చింది. అదే ఏడు హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర' అని ఒక పుస్తకం వేశారు. తెలంగాణ పోరాటంలోనూ, ఆ ఉద్యమంలోనూ ఉన్న ఆడవాళ్ళ దగ్గరికి టేపురికార్డరు పట్టుకుని వెళ్ళి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు అచ్చు వేశారు. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కొండపల్లి కోటేశ్వరమ్మ, మోటూరి ఉదయం, ఇంకా ఎందరో. అన్నం వండిపెట్టినవాళ్ళు, ఉత్తరాలు చేరవేసినవాళ్ళు, తుపాకీ పట్టినవాళ్ళు, తంబుర పట్టినవాళ్ళు. పెద్ద పెద్ద నాయకుల చరిత్రల్లో ఒక వాక్యానికి కూడా నోచుకోని మనుషులు అందులో పేజీలకు పేజీలు మాట్లాడారు. పార్టీని కూడా వదల్లేదు. "అప్పుడు రమ్మన్నారు, తర్వాత ఇంటికి పొమ్మన్నారు, ఎందుకని?" అన్న ధోరణిలో అడిగారు. కుడి పక్క మనిషి ప్రశ్నే అది, నలభై ఏళ్ళు ఆగి వచ్చింది. ఆ పుస్తకం మీ ఊరి గ్రంథాలయంలో ఉంటే తెచ్చుకుని చదవండి. లేకపోతే తెప్పించమని అడగండి.

నాజర్ 1997లో పోయారు. ఉదయంగారూ లేరు. కోటేశ్వరమ్మగారు నూరేళ్ళు నిండి 2018లో వెళ్ళిపోయారు.

మా వైపు మరో పాట సంప్రదాయం ఉంది, బుర్రకథ కన్నా పాతది. కోయల్లో డోలీలని ఉన్నారు. వేల్పుల కథలు, వంశాల కథలు చెప్పడం వాళ్ళ వంతు. ఒకప్పటి మా బూర్గంపాడు తాలూకాలోదే మణుగూరు. ఆ మండలం కూనవరంలో ఉండే సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను కోయ భాషలోనూ తెలుగులోనూ గానం చేసేవారు. డోలు, కంచు వాయిద్యాలు తోడుండాలి, గొంతు కలిపేవాళ్ళుండాలి. ఒక్కడే కూర్చుని పాడుకునే పాట కాదది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన చెప్పిన కథలు కొన్నిటిని పరిశోధకులు రికార్డు చేసి పెట్టారు, అదొక ఊరట.

ఆ అవార్డు వచ్చిన రోజుల్లో మా పక్కింటి అమ్మాయి ఏదో ఉద్యోగ పరీక్షకు చదువుతూ అరుగు మీద పచార్లు చేస్తోంది. ఆయన పేరు, ఊరు, కళ, సంవత్సరం వల్లెవేస్తోంది. "మరి ఆయన పక్కన డోలు వాయించి గొంతు కలిపేవాళ్ళ పేర్లేమిటే?" అని అడిగాను.

పిల్ల ఆగి, పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసింది.

"సిలబస్‌లో లేవు ఆంటీ" అంది.